తండ్రి వృత్తి అనే గడిలో ఏం రాయాల

ఈసారి కూడా కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికతో చదవండి. మేము చదివింది అంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక, బెంగళూరు పోయే బండిలో కుప్పం స్టేషన్ బోర్డు చూసి ఒక్కొక్కటే పోల్చుకొని నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మలర్ కమిటీ కూర్చున్నప్పుడు మనకు ఒక ఫారం ఇచ్చినారు కదా, ప్రతి కుటుంబం తమ పెద్దవాళ్ళ గురించి నింపి ఇవ్వాలని. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, వృత్తి. అప్పుడు ఒక తమ్ముడు లేచి ఒక మాట అన్నాడు. పేరు వద్దు, మంచి పిల్లవాడు, సంఘానికి ఎంతో పని చేసేవాడు. "కూలి, రాళ్ళు కొట్టడం, రోడ్డు పని అని అచ్చు వేస్తే రేపు సంబంధాలకు వచ్చేవాళ్ళు చదువుతారు. అందరికీ 'వ్యవసాయం', 'వ్యాపారం' అని వేస్తే పోతుంది" అన్నాడు. కొందరు సరే అన్నారు. మేము ఏమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆ పని మేము యాభై ఏళ్ళకు ముందే చేసినాం. ఇప్పుడు అది చెప్పుకుందామనే ఈ రాత.

మేము అంటే ముగ్గురం. అక్క, తమ్ముడు, నడుమ ఈ రాసేవాడు. నాయన 1933లో పుట్టినాడు, సేలం పక్కన ఏర్కాడు కొండ కిందుండే పల్లెలో. మన ఇండ్ల కథే, కొత్తగా చెప్పేదేముంది. తాత సమ్మెటతో బండ పగలగొట్టేవాడు, అవ్వ చిన్న సుత్తితో జల్లి కొట్టేది. చెరువు కట్టలు, బావులు, రోడ్లు, ఇవన్నీ మనవాళ్ళు చేసినవే. అయినా ఊళ్ళో మనల్ని ఒడ్డర్లు అని ఒక రకంగా పిలిచేవాళ్ళు. పత్రాల్లో బోయర్ అని రాసుకుంటాం. నాయన 1949లో, పదహారో ఏట, రోడ్డు గ్యాంగులో చేరినాడు. 1992లో ఆపినాడు. మొదటి పదిహేను ఏళ్ళు కూలి, ఆ తర్వాత మేస్త్రి. గవర్నమెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టర్ల కింద.

ఆ కాలంలో రోడ్డు ఎట్లా వేసేవాళ్ళో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెబుతాం.

మొదట జల్లి. రోడ్డు పక్కన కుప్పలుగా పోసి, పెట్టె కొలతతో కొలిచి, కుప్ప మీద సున్నం నీళ్ళు చల్లేవాళ్ళు. సున్నం చెదిరితే ఎవరో ఎత్తుకుపోయినారని తెలుస్తుంది. తర్వాత పెద్ద జల్లి నాలుగు అంగుళాల మందం పరిచి, దాన్ని మూడు అంగుళాలయ్యేదాకా రోలర్‌తో తొక్కించాల. పైన చిన్న జల్లి చల్లి, నీళ్ళు పోసి, చీపుర్లతో సందుల్లోకి తోసి, మళ్ళీ రోలర్. రాయి రాయి కరుచుకోవాల. దీన్నే మెకాడం అంటారు, ఇంగ్లీషు దేశంలో ఆ విధంగా రోడ్డు వేసిన ఒక ఆయన పేరు. నాయన "మక్కాడం" అనేవాడు. మేము చిన్నప్పుడు అది ఏదో ఊరి పేరు అనుకుంటిమి.

అది ఆరినాక తార్. తార్ అని అంటాం కానీ నిజానికి అది బిటుమెన్, క్రూడాయిల్ శుద్ధి చేసినాక అడుగున మిగిలేది. డ్రమ్ముల్లో వచ్చేది, ఒక్కో డ్రమ్ము నూటయాభై కిలోల పైమాటే. గొడ్డలితో డ్రమ్ము చీల్చి, లోపలి ముద్దను బాయిలర్‌లో వేసి, కింద కట్టెలు పెట్టి కాచేవాళ్ళు. నూటయాభై, నూట అరవై డిగ్రీల దాకా వేడెక్కాల. థర్మామీటరు ఇంజినీరు వచ్చిన రోజు మాత్రం బయటికి వచ్చేది. మిగతా రోజులు నాయన కళ్ళే. "పొగ పలచగా లేస్తే సరి. నీలంగా మారిందంటే తార్ మాడిపోయింది. మాడిన తార్ అంటుకోదు, ఎండకు పెళుసై పగిలిపోతుంది" అనేవాడు. పొగ నీలమైతే కట్టెలు లాగేయమని కేక పెట్టేవాడు. మాడిన తార్‌నే వేసేయమని పైనుంచి చెప్పినవాళ్ళు కూడా ఉండిరి. అట్లాంటప్పుడు నాయన ఏం చేసేవాడో మాకు ఎప్పుడూ చెప్పలేదు. అన్నిసార్లూ ఎదురు చెప్పి ఉంటాడని మేము అనుకోము. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

తార్, చిన్న జల్లి కలిపి, వేడి ఆరకముందే బాండ్లిల్లో మోసుకొచ్చి, పరిచి, గోరుపారతో సమం చేయాల. మందం ముక్కాలు అంగుళమే. దాని మీద రోలర్. రోలర్ ఎప్పుడూ అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి రావాల, నడుమ నుంచి మొదలుపెడితే తార్ అంచులకు జారుతుంది. వేడి రోడ్డు మీద రోలర్‌ను నిలపకూడదు, నిలిపితే పల్లం పడుతుంది. చక్రాలకు నీళ్ళు తడుపుతూ ఉండాల, లేకుంటే తార్ చక్రానికి అంటుకొని లేచి వస్తుంది. ఏర్కాడు ఘాట్‌లో ఇరవై హెయిర్‌పిన్ వంపులు ఉన్నాయి కదా, అక్కడ లెక్క మారుతుంది. వంపులో లోపలి అంచు పల్లంగా, బయటి అంచు మెరకగా ఉంటుంది, కాబట్టి లోపలి అంచు నుంచి మొదలుపెట్టి పైకి తొక్కించాల. ఒక్క అక్షరం చదవని మనిషి ఇవన్నీ చేతివేళ్ళ మీద పెట్టుకొని ఉండె.

అన్నిటికన్నా ఆయనకు పట్టింపు వాటం మీద. రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా, రెండు పక్కలకు వాలి ఉండాల. తార్ రోడ్డుకు సుమారు 40కి 1. క్యాంబర్ పలక అని ఒక చెక్క ఉంటుంది, అది పెట్టి చూస్తారు. నాయన పలక పెట్టినాక కూడా నమ్మేవాడు కాదు. చెంబుతో నీళ్ళు నడిమిలో పోసి, రెండు పక్కలకు చీలి పోతుందా, ఎక్కడైనా నిలుస్తుందా అని కూర్చొని చూసేవాడు. "లారీ రోడ్డును చెరపదు. నీళ్ళు చెరుపుతాయి. నీళ్ళు తీసిన గుంతను లారీ పెద్దది చేస్తుంది, అంతే" అనేవాడు. ఇప్పుడు మన వార్డులో వేసే రోడ్లు చూస్తే ఆ చెంబు జ్ఞాపకం వస్తుంది. పాత రోడ్డును గీకకుండా దాని మీదనే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి వేసి, ఇండ్లన్నీ పల్లంలోకి పోయినాయి. వానొస్తే రోడ్డు మీది నీళ్ళు మన తిన్నె ఎక్కుతాయి. సరే, అది వేరే కథ.

అమ్మ కూడా అదే పనికి పోయింది. బాండ్లి మోసేది. వేడి జల్లి నెత్తిన పెట్టుకుంటే కాలకుండా గోనెపట్టను నాలుగు మడతలు చుట్టుకునేది. ఆమెకు కూలి నాయన కూలిలో సగం కన్నా కొంచెం ఎక్కువ. అక్క పసిబిడ్డగా ఉన్నప్పుడు రోడ్డు పక్క చింతచెట్టుకు చీర ఉయ్యాల కట్టి వేసేదంట. ఆ చింతచెట్లకు నెంబర్లు ఉండేవి, ఏటేటా కాయలు ఏలం వేసేవాళ్ళు. "నాది ఫలానా నెంబరు చెట్టు" అని అక్క ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

పని దూరమైతే నాయన వారమంతా రోడ్డు పక్క గుడారంలోనే. శనివారం సంబళం ఇచ్చినాక, బస్సు దొరికితే బస్సు, లేకుంటే సైకిలు. రాత్రి ఎంత పొద్దుపోయినా వచ్చేవాడు. ఆయన రావడానికి ముందు వాసన వచ్చేది. మేము నిద్రలోనే "నాయన వచ్చినాడు" అనుకుంటిమి. అమ్మ కిరసనాయిలుతో ఆయన చేతులు, కాళ్ళు రుద్ది, తర్వాత కొబ్బరినూనె రాసి, తర్వాత సీకాయ. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. అన్నం తిన్నాక సంబళాన్ని చాప మీద నాలుగు కుప్పలు చేసేవాడు. బియ్యం అంగడి, అప్పు, అమ్మ చేతికి, పిల్లల చదువు. చదువు కుప్ప ముట్టరాదు. అప్పు కుప్పలో తక్కువైతే అంగడి కుప్ప నుంచి తీసేవాడు, చదువు కుప్ప నుంచి మాత్రం తీసింది మేము చూడలేదు.

ఆదివారం మమ్మల్ని రోడ్డు మీదికి నడిపించుకొని పోయి కిలోమీటరు రాళ్ళు చదివించేవాడు. పసుపు తలకాయ ఉంటే నేషనల్ హైవే, పచ్చ తలకాయ ఉంటే స్టేట్ హైవే. రంగు ఆయన చెబుతాడు, అక్షరాలు మేము చదవాల. ఆత్తూరు ఇన్ని, నామక్కల్ ఇన్ని, ధర్మపురి ఇన్ని అని మేము చదివితే, ఆయన చేయి కట్టుకొని నిలబడి వినేవాడు. ఆ రాయి చుట్టూ ఉన్న రోడ్డు తాను వేసిందే అయితే చెప్పేవాడు కాదు. వేరేవాళ్ళు వేసింది అయితే మాత్రం "ఇది మాది కాదు" అనేవాడు.

ఇంత చెప్పినాక, మేము చేసింది చెప్పాల.

టౌనులో పెద్ద బడికి ముందు పోయింది అక్క. ఆరో తరగతిలో చేర్చుకునేటప్పుడు టీచరు తండ్రి వృత్తి ఏమని అడిగితే "వివసాయం" అని చెప్పేసింది. పక్క బెంచీ పిల్లలందరూ అదే చెప్పినారంట. నాయన పక్కనే ఉన్నాడు కానీ ఆయనకు ఆ మాట వినపడలేదనో, వినపడినా పట్టించుకోలేదనో మేము అనుకున్నాం. తర్వాత నడిమివాడు, ఆ తర్వాత తమ్ముడు, ముగ్గురి రికార్డుల్లోనూ వ్యవసాయమే. మాకు సెంటు భూమి లేదు. మా బడిలో ఒక పిల్లవాణ్ణి, వాళ్ళ నాయన కూడా రోడ్డు పనే, అందరూ "తార్ డబ్బా" అని పిలుస్తాండిరి. ఆ పేరు మాకు రాకూడదు అనేదే మా భయం.

ఒకసారి నాయన పని ఆ పక్కనే ఉంటే, మధ్యాహ్నం తూక్కుచట్టిలో మాకు అన్నం తెచ్చినాడు. టైరు చెప్పులు, మోకాలి దాకా తార్ మరకలు, కాలికి గోనె. గేటు కాడ నిలబడి పేరు పెట్టి పిలిచినాడు. నడిమివాడు పరిగెత్తి పోయి చట్టి తీసుకొని "ఇంక మీరు రావద్దు నాయనా, మేమే వచ్చి తీసుకుంటాం" అన్నాడు. "ఎండలో నువ్వెందుకు రావాలరా" అన్నాడు నాయన. తర్వాత మా మొహం చూసినాడు. "సరే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ బడికి రాలేదు. తమ్ముడు ఎస్సెల్సీలో స్కూలు ఫస్టు వచ్చినప్పుడు కూడా రాలేదు. అమ్మ పోయింది.

1981లో నడిమివాడికి రైల్వేలో క్లర్కు ఉద్యోగం వచ్చింది. వీధి అంతా పండగ. చేరడానికి ముందు పోలీసు వెరిఫికేషన్. ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చినాడు. నాయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. తిన్నె మీద కూర్చోబెట్టి, మోరు ఇచ్చినాం. ఆయన కాగితం తీసి ఒక్కొక్కటే తమిళంలో అడుగుతూ వచ్చి "తండ్రి వృత్తి వ్యవసాయం అని ఉంది. ఎంత భూమి పెద్దాయనా?" అన్నాడు.

మా ముగ్గురి ఊపిరీ ఆగిపోయింది. నాయన చేతులు ఆయన కళ్ళ ముందే ఉన్నాయి. గోళ్ళ నలుపు, ఎడమ కాలి మీద 1978లో బాయిలర్ చిందినప్పుడు పడిన మచ్చ, అరికాలి దాకా. అబద్ధం అని తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో అని మా కాళ్ళు వణికినాయి. నాయన మా వైపు చూడనే లేదు. కానిస్టేబులు వైపే చూసి "కొంచెం ఉండె సార్. ఇప్పుడు లేదు. కూలికి పోతాను" అన్నాడు. ఆయన రాసుకొని, మోరు తాగి, పోయినాడు.

ఆ రాత్రి అన్నం కాడ ఎవరూ మాట్లాడలేదు. చేయి కడుక్కొని వచ్చి నాయన అన్నాడు, "ఏంరా, ముగ్గురూ కలిసి నా పేరిట పొలం రాసినారే, నాకు చెప్పనే లేదే. ఎన్ని ఎకరాలు? బావి ఉందా?" అని నవ్వినాడు. మేము కూడా నవ్వినాం. నవ్వకుండా ఉండలేకపోయినాం. అమ్మ మాత్రం నవ్వలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. నాయన మరుసటి దినం తెల్లారకముందే పనికి పోయినాడు. ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాం. మన ఇండ్లల్లో నాయనతో అట్లాంటి మాటలు మాట్లాడే పళక్కం లేదు కదా.

ముప్పై ఎనిమిది ఏళ్ళు మేము ఆఫీసులో చేసిన పని ఏమంటే, ఇతరుల సర్వీసు రిజిస్టర్లు రాయడం. ఎవరు ఎప్పుడు చేరినారు, ఎన్ని రోజుల లీవు, ఏ గాయానికి ఎంత, పీఎఫ్ ఎంత, పెన్షన్ ఎంత. ఒక గ్యాంగ్‌మ్యాన్ రిటైర్ అయితే ఆయన జీవితం అంతా ఒక పుస్తకంలో ఉంటుంది. నాయన నలభై మూడు ఏళ్ళకు ఒక పేజీ లేదు. ఆ 1978 గాయానికి అప్పటి కాంట్రాక్టరు రెండు వారాల కూలి ఇచ్చి, మూడో వారం వేరే మనిషిని పెట్టుకున్నాడు. నాయన రెండు నెలలు ఇంట్లో పడుకున్నాడు. అమ్మ ఒక్కతే పోయింది. మాకు నెల నెలా పెన్షన్ బ్యాంకులో పడినప్పుడల్లా ఇది గుర్తుకు వస్తుంది.

1992లో దగ్గు ఎక్కువై పని ఆపినాడు. తర్వాత మాతో బస్సులో ఎక్కడికి పోయినా కిటికీ పక్కన కూర్చొని కళ్ళు మూసుకునేవాడు. నిద్ర కాదు. కుదుపు లేకుండా పోయే చోట తల ఊపేవాడు. 2000 దాటినాక ఉత్తరం నుంచి కన్యాకుమారి దాకా పోయే మన ఏడో నెంబరు రోడ్డును, ఇప్పుడు దాన్నే నలభై నాలుగు అంటున్నారు, నాలుగు వరుసలు చేసే పని వచ్చింది. చింతచెట్లు కొట్టేసినారు, అక్క చెట్టు కూడా. నాయన రెండు మూడుసార్లు పోయి పేవర్ మిషను పని చేసేది చూసి వచ్చినాడు. లారీ వెనక్కు వచ్చి కలిపిన జల్లి పోస్తుంది, మిషను ఒకే మందంగా పరుచుకుంటూ పోతుంది, వెనకే రోలర్లు. ఆయనకు కోపం వస్తుందేమో అనుకున్నాం. "మంచి మిషనురా. ఆడోళ్ళ నెత్తిన బరువు లేదు" అన్నాడు అమ్మ వైపు చూసి. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీలో రాజగోపాలన్ వాసుదేవన్ అనే ప్రొఫెసర్, తర్వాత 2018లో పద్మశ్రీ వచ్చింది ఆయనకే, చెత్త ప్లాస్టిక్‌ను వేడి జల్లి మీద కరిగించి రోడ్డు వేస్తున్నాడని తమ్ముడు చెప్పితే "ప్లాస్టిక్ నీళ్ళను లోపలికి పోనీదు. అట్లైతే సరే" అన్నాడు. నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. 2008లో పోయినాడు. అమ్మ నాలుగు ఏళ్ళు తర్వాత.

కొత్త రోడ్డు తిన్నగా పోవడానికి కొన్ని పాత వంపులను వదిలేసినారు. ధర్మపురి దారిలో అట్లాంటి వంపు ఒకటి, రెండు ఫర్లాంగులు ఉంటుంది, నాయన గ్యాంగు వేసింది. పోయిన వారం తమ్ముడితో పోయి చూసినాం. అంచులు చితికి, పగుళ్ళల్లో గడ్డి మొలిచింది. ఎవరో వేరుశనక్కాయలు ఎండబోసినారు. తమ్ముడు నీళ్ళ బాటిల్ తెరిచి నడిమిలో పోసినాడు. సగం ఒక పక్కకు, సగం ఇంకో పక్కకు పోయింది. ఒక చోట మాత్రం నిలిచింది.

తిరిగి వచ్చి ఫారం నింపినాం. నింపేముందు అక్కకు ఫోను చేసినాం, ఎందుకంటే మనవరాలికి సంబంధాలు చూస్తున్నది అక్క. మొదట "ఇప్పుడు ఇదంతా ఎందుకురా" అన్నది. ఫోను పెట్టేసింది. గంట తర్వాత తానే చేసింది. "రాయి. అయితే అమ్మది కూడా రాయి. ఆమె కూడా రోడ్డు పనే చేసింది" అన్నది. ఫారంలో తల్లి వృత్తికి గడి లేదు. కింద మార్జిన్‌లో రాసి ఇచ్చినాం, కమిటీవాళ్ళు దయచేసి దాన్ని వదిలిపెట్టవద్దు. ఫోటో ఒకటే ఉంది, రోలర్ ముందర గ్యాంగు అంతా నిలబడింది. ఎడమ నుంచి మూడో ఆయన, తలకు తుండుగుడ్డ చుట్టుకున్నవాడు, నాయన. బాండ్లి పట్టుకొని చివర్లో పక్కకు తిరిగి నిలబడింది అమ్మ. మిగతా వాళ్ళల్లో మీ ఇంటి పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే గుర్తుపట్టి చెప్పండి, పేర్లు కూడా వేద్దాం.